తాకి తెలుసుకునే చోటు



ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా చూపులేని పిల్లలకు బ్రెయిలీ నేర్పారు. పలకలో మందపాటి కాగితం బిగించి కుడి నుంచి ఎడమకు మొనతో చుక్కలు గుచ్చాలి. తర్వాత కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి వేలితో చదవాలి. ఈ తారుమారు లెక్కను ఆరేళ్ల పిల్లలకు ఆయన ఎంత ఓపికగా అలవాటు చేసేవారో ఇక్కడున్న ఆయన శిష్యులకు నాకంటే బాగా తెలుసు. నేను వారి శిష్యుణ్ణి కాను. దూరం నుంచి చూసి గౌరవించినవాణ్ణి. ఏదైనా వస్తువు పేరు చెప్పే ముందు ఆ వస్తువును పిల్లల చేతుల్లో పెట్టడం ఆయన పద్ధతి. కాకరకాయ, కుంపటి, కొడవలి, తంబురా, ఏదైనా సరే ముందు చేతికి, తర్వాత చెవికి. ఒకసారి పిల్లల్ని ఒక మ్యూజియానికి తీసుకెళితే అక్కడివాళ్లు దేని మీదా చెయ్యి వెయ్యనివ్వలేదట. ఆయన వాదన పెట్టుకోలేదు. ఒక్కొక్క విగ్రహం ముందు నిలబడి, తల ఎటు వంగిందో, చెయ్యి ఎక్కడుందో వర్ణించి చెప్పి, బడికి తిరిగి వచ్చాక బంకమట్టితో ఆ విగ్రహాలను తానే చేసి పిల్లలకిచ్చారు. ఆయన చేసినవి ఎంత బాగున్నాయో నాకు తెలియదు. ఆ పని ఆయన ఒక్కరే చేయవలసి రావడం గురించే నేను ఈరోజు మాట్లాడదలిచాను.

మన నగరంలో స్పర్శకు ప్రజలందరిదీ అయిన ఒక చోటు కావాలి, ఆ చోటును నడిపే అధికారం చేత్తో చదవడం తెలిసినవాళ్ల దగ్గర ఉండాలి. నా మాటంతా ఇదే. ఇది కొత్తగా ఊహించి చెబుతున్నదేమీ కాదు. దీనికి దగ్గరి పని ఒకటి హైటెక్ సిటీలోనే, ఒక మాల్ లోపల, 2011లో మొదలైంది.

ఆ పేట ఎలాంటిదో మీకు తెలుసు. సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. అప్పటికి చుట్టూ ఉన్నవి గుండ్రాళ్లూ తుమ్మచెట్లూ. ఇప్పుడు మాదాపూర్ నుంచి రాయదుర్గం దాటి నానక్‌రామ్‌గూడ దాకా గాజు గోడలే. దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన వచ్చాక, రాత్రి దాని రంగుల దీపాలు చూడటానికి జనం కుటుంబాలతో వస్తున్నారు. కంటికి పండుగగా కట్టిన పేట ఇది. ఆ చెరువుకు దగ్గర్లోనే ఉన్న ఇన్‌ఆర్బిట్ మాల్‌లో, మెరిసే దుకాణాలకు పైన, పూర్తిగా చీకటిగా ఉండే గదుల్లో ‘డైలాగ్ ఇన్ ద డార్క్’ అనే ప్రదర్శన తెరిచారు. సుధా కృష్ణన్, ఎస్.వి. కృష్ణన్ దాన్ని హైదరాబాద్‌కు తెచ్చారు. పక్కనే చీకట్లో భోజనం పెట్టే ‘టేస్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ కూడా నడిపారు.

ఈ ప్రదర్శన మూలం జర్మనీలో ఉంది. ఆండ్రియాస్ హైనెకే అనే పాత్రికేయుడు రేడియోలో పనిచేస్తున్న రోజుల్లో, ప్రమాదంలో చూపు పోగొట్టుకున్న ఒక యువకుడికి పని నేర్పే బాధ్యత ఆయన మీద పడింది. నేర్పడానికి వెళ్లిన మనిషి నేర్చుకుని వచ్చాడు. చూపున్నవాళ్లనే చీకట్లోకి పిలిచి, దారి చూపే పని చూపులేనివాళ్లకు అప్పగిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కణ్ణుంచి పుట్టింది. 1988లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదటి ప్రదర్శన జరిగింది. 2000లో హాంబర్గ్ ఓడరేవు పాత గిడ్డంగుల్లో శాశ్వతంగా స్థిరపడింది. మనిషికీ మనిషికీ మధ్య జరిగే సంభాషణలోనే మనిషితనం ఉందన్న మార్టిన్ బూబర్ తత్వం హైనెకేకు ప్రేరణ. ప్రదర్శన పేరులో చీకటి కన్నా ముందు సంభాషణ ఉండటానికి కారణం అదే.

నేను వెళ్లిన రోజున నాతోపాటు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ బృందం ఉంది. ఫోన్లు, వెలుగొచ్చే గడియారాలు బయట లాకర్లలో పెట్టించారు. తలా ఒక తెల్లకర్ర ఇచ్చారు. కర్రను ఎలా పట్టుకోవాలో, ముందు ఎంత మేర ఊపాలో చెప్పారు. లోపలికి అడుగుపెట్టాక కళ్లు తెరిచినా మూసినా ఒకటే. ఇంట్లో కరెంటు పోయిన చీకటి లాంటిది కాదది. కాసేపటికి అలవాటుపడి ఏదో ఒక అంచు కనిపిస్తుందన్న ఆశ అక్కడ తీరదు. మొదటి రెండు నిమిషాలూ అందరం అవసరం లేకపోయినా గట్టిగా మాట్లాడాం. అప్పుడు చీకట్లోంచి ఒక యువకుడి గొంతు, తొందర లేకుండా, తన పేరు చెప్పి మా పేర్లడిగింది. ఆ తర్వాత గంటసేపట్లో ఒక్కసారి కూడా అతను ఎవరి పేరూ తప్పు పిలవలేదు.

కాళ్ల కింద నేల మారుతూ పోయింది. గులకరాళ్లు, తర్వాత చెక్క, తర్వాత గరుకు సిమెంటు. చెప్పులున్నా పాదానికి ఇంత తెలుస్తుందని నేనెన్నడూ గమనించలేదు. చేతికి ఆకులు తగిలాయి. ఒక గోడ చల్లగా, ఇంకోటి పొడిగా. బజారు లాంటి చోట కూరగాయలు, డబ్బాలు చేతికందాయి. ఉల్లిపాయను వెంటనే గుర్తుపట్టాం, దాని పొట్టు చప్పుడే చెప్పేసింది. ఒక నున్నటి గుండ్రటి పండు దగ్గర మాత్రం నలుగురం నాలుగు పేర్లు చెప్పాం. అతను నవ్వి, “తొడిమ దగ్గర బొటనవేలు పెట్టి చూడండి సార్” అన్నాడు. పెట్టగానే తెలిసింది. ఎక్కడ తాకాలో తెలియడమే ఆ విద్య. కన్ను వస్తువునంతా ఒక్కసారి తెచ్చి ముందు పెడుతుంది. చేతికి దేన్ని ముందు అడగాలో తెలిసి ఉండాలి.

బయటకు వచ్చాక ఆ బృందానికి అధికారి ఎవరో తెలిసింది. లోపల ఆయన అందరికన్నా వెనక, ముందున్న అమ్మాయి భుజం మీద చెయ్యి వేసుకుని నడిచారు. చెయ్యి వేసే ముందు గైడు ఆ అమ్మాయిని అడిగాడు, ఫరవాలేదా అని. ఆ ప్రశ్న నాకు గుర్తుండిపోయింది.

కాస్త శాస్త్రం చెప్పుకోవాలి. అరచేతి చర్మంలో ఒత్తిడినీ కదలికనూ పట్టుకునే నాడీ తంతువులు ఒక్కో చేతికి సుమారు 17,000 ఉంటాయి. వాటిలో నాలుగు రకాలు. ఒక రకం అంచులనూ గీతలనూ పట్టుకుంటుంది. ఒకటి వస్తువు చేతిలోంచి జారబోతుంటే మనకు తెలియకుండానే పట్టు బిగిస్తుంది. ఒకటి చర్మం సాగడాన్ని, ఇంకొకటి దూరపు కంపనాలను గ్రహిస్తుంది. తెల్లకర్ర కొన నేలను గీరినప్పుడు ఆ సమాచారం పిడికిలికి చేరేది ఈ చివరి రకం వల్లే. ఎర్న్‌స్ట్ వెబర్ 1834లో ఒక సులువైన ప్రయోగం ప్రకటించాడు. రెండు మొనలను దగ్గరదగ్గరగా చర్మానికి ఆనించి, అవి రెండని ఎప్పుడు తెలుస్తుందో కొలిచాడు. వేలికొన మీద రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం చాలు. వీపు మీద దాదాపు నాలుగు సెంటీమీటర్లు కావాలి. బ్రెయిలీలో చుక్కకూ చుక్కకూ మధ్య దూరం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. లూయీ బ్రెయిలీ 1824 ప్రాంతంలో, పదిహేనేళ్ల వయసులో, ఈ కొలతలేవీ లేకుండా తన వేలినే నమ్మి ఆ అక్షరం పరిమాణం తేల్చాడు. వెబర్ లెక్క పదేళ్ల తర్వాత వచ్చింది.

వేలిని కదపనిస్తే దాని శక్తి ఇంకా పెరుగుతుంది. స్వీడన్ పరిశోధకులు 2013లో ప్రకటించిన ప్రయోగంలో, వేలిని మెల్లగా జరుపుతూ కేవలం 13 నానోమీటర్ల ఎత్తున్న ముడతల ఉపరితలాన్నీ పూర్తిగా నున్నటిదాన్నీ మనుషులు వేరుచేయగలిగారు. కంటికి ఆ రెండూ ఒకటే. ఈ గ్రహణానికి అణుస్థాయిలో కారణమేమిటో తేలింది కూడా ఇటీవలే. ఒత్తిడికి తెరుచుకునే ప్రోటీన్లను ఆర్డెమ్ పటపూటియన్ బృందం 2010లో కనిపెట్టింది. మిరపకాయలోని క్యాప్సైసిన్ సాయంతో, వేడిని గుర్తించే గ్రాహకాన్ని అంతకుముందే డేవిడ్ జూలియస్ పట్టుకున్నారు. మిరపకాయ మంట నిజంగా మంటేనని, నరం రెండింటికీ ఒకే తలుపు తీస్తుందని తేలడం గుంటూరు వైపు వాళ్లకు వింతగా అనిపించకపోవచ్చు. ఆ ఇద్దరికీ 2021లో నోబెల్ వచ్చింది. అంటే చూపు గురించి, వినికిడి గురించి నోబెల్‌లు వచ్చిన ఎన్నో దశాబ్దాలకు గానీ స్పర్శ వంతు రాలేదు.

చేతికి తెలిసింది కంటికి దానంతటదే తెలుస్తుందా? ఈ ప్రశ్నను 1688లో విలియం మోలినో అనే ఐరిష్ పండితుడు జాన్ లాక్‌ను అడిగాడు. పుట్టుగుడ్డి మనిషి గోళాన్నీ ఘనాన్నీ తాకి గుర్తుపట్టడం నేర్చుకున్నాడనుకుందాం. అతనికి చూపు వస్తే, తాకకుండా చూసి ఏది ఏదో చెప్పగలడా? మూడు శతాబ్దాలు తత్వవేత్తలు వాదించుకున్న ఈ ప్రశ్నకు జవాబు మన దేశపు పిల్లల దగ్గర దొరికింది. పవన్ సిన్హా నడిపిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో, పుట్టుకతో చూపులేక శస్త్రచికిత్సతో చూపు పొందిన ఐదుగురిని వెంటనే పరీక్షించి 2011లో ఫలితం ప్రకటించారు. తాకిన వస్తువును చూసి గుర్తుపట్టడం మొదట వాళ్లకు సాధ్యం కాలేదు. కొద్దిరోజుల్లోనే ఆ నేర్పు వచ్చేసింది. నాకు ఇందులో అర్థమైంది ఇది. చేతి జ్ఞానం కంటి జ్ఞానానికి తక్కువ రకం నకలు కానే కాదు. అది వేరే చదువు. ఆ రెండు చదువుల మధ్య వంతెన కట్టుకోవాలి. చూపున్నవాళ్లం చిన్నప్పుడే ఆ వంతెన దాటేశాం. దాటిన సంగతి మరిచిపోయి, అవతలి ఒడ్డున ఊరే లేదనుకుంటున్నాం.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని తీసుకోవాలి, ఎందుకంటే మాస్టారు ఉంటే ఆయనే అడిగేవారు. కళ్లకు గంతలు కట్టి ‘అంధత్వం ఎలా ఉంటుందో చూడండి’ అనే కార్యక్రమాలు కాలేజీల్లో, ఆఫీసుల్లో చాలా జరుగుతుంటాయి. అమెరికాలో ఆరియెల్ సిల్వర్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమెకూ చూపు లేదు, సహచరులతో కలిసి దీన్ని పరీక్షించి 2015లో ఫలితం అచ్చువేశారు. గంతలు కట్టుకుని తడబడినవాళ్లు, కట్టుకోనివాళ్ల కంటే ఎక్కువగా, చూపులేనివాళ్లు ఉద్యోగాలు చేయలేరని, స్వతంత్రంగా బతకలేరని తేల్చారు. జాలి పెరిగింది, గౌరవం తగ్గింది. కారణం స్పష్టమే. గంత కట్టుకున్న మొదటి పావుగంటలో తెలిసేది చూపు పోయిన కంగారు మాత్రమే. ముప్పై ఏళ్లుగా చూపు లేకుండా ఇల్లు నడుపుతున్న మనిషి నేర్పు అందులో ఎక్కడా కనిపించదు. ఈత రానివాణ్ణి నీళ్లలోకి తోసి చేప బతుకు ఇంత కష్టమని చెప్పినట్టుంటుంది.

మరి మాల్‌లో చూసినది దీనికి భిన్నంగా ఎందుకుంది? గైడు వల్ల. ఆ గదుల్లో తడబడుతున్న మనకు ఎదురుగా, తడబడని మనిషి ఒకరుంటారు. ఎనిమిది మంది ఎక్కడెక్కడ ఉన్నారో గొంతులను బట్టి గుర్తుంచుకుంటారు. భయపడినవాళ్ల దగ్గరికి నాలుగడుగుల్లో చేరి సరిగ్గా వాళ్ల మోచెయ్యి అందుకుంటారు. చివర్లో చీకటి కెఫేలో చిల్లర లెక్కపెట్టి ఇస్తారు. ఆ గంటలో మనం చీకటిని చూసి రావడం లేదు, ఒక నిపుణుడి పనితనం చూసి వస్తున్నాం. అందుకే నా అభిప్రాయంలో ఇలాంటి ప్రదర్శనలో గైడు ఉద్యోగమే అసలు కళాఖండం. గైడును తీసేసి తలుపు దగ్గర రికార్డు చేసిన గొంతు పెడితే మిగిలేది భయపెట్టే సంత ఆట. ఆ ఉద్యోగానికి సరైన జీతం, సెలవులు, పై మెట్లు ఉండాలనడం దానగుణంతో చెప్పే మాట కాదు. పాటకచేరీకి పాటగాడు ఎంతో దీనికి అతను అంత.

ఈ నైపుణ్యం మన నగరానికి కొత్తదేమీ కాదు. బేగంపేటలో డాక్టర్ సాయిబాబా గౌడ్ నెలకొల్పిన దేవ్నార్ అంధుల పాఠశాలలో చదివిన బొల్లా శ్రీకాంత్, మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టి, ఎంఐటీలో చదివి తిరిగొచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ మొదలుపెట్టాడు. ఇంటర్‌లో సైన్స్ తీసుకోనివ్వనప్పుడు కోర్టుకెళ్లి హక్కు తెచ్చుకున్న కుర్రవాడు అతను. అతని జీవితం మీద సినిమా వచ్చాక ఆ కథ అందరికీ తెలిసింది. నేను ఆలోచించేది సినిమాలు రానివాళ్ల గురించి. స్క్రీన్ రీడర్ వింటూ గచ్చిబౌలి ఆఫీసుల్లో కోడ్ రాసేవాళ్లు, టెస్టింగ్ చేసేవాళ్లు ఉన్నారు. పక్క కుర్చీలోని సహోద్యోగికి వాళ్ల పనితీరు తెలియదు.

ఆ పక్క కుర్చీలోని మనిషి కూడా రోజంతా చేతితో చదువుతూనే ఉంటాడు. కీబోర్డు మీద ఎఫ్, జె అక్షరాల మీద చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. టైపు చేసేవాళ్ల చూపుడువేళ్లు రోజుకు ఎన్నోసార్లు ఆ గీతను తడిమి తమ చోటు వెతుక్కుంటాయి. జేబులోని నోటు అంచున చూడండి. కొత్త వంద మీద రెండు పక్కలా నాలుగేసి ఏటవాలు గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి, ఐదువందల మీద ఐదేసి. కొత్త నోటు మీద అవి బాగా తెలుస్తాయి, చేతులు మారినకొద్దీ అరిగిపోతాయి. 2016 నవంబర్ తర్వాత నోట్ల కొలతలన్నీ మారినప్పుడు, పాత కొలతలు వేళ్లకు కంఠస్థమైనవాళ్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. మెట్రో ప్లాట్‌ఫారం మీద పసుపుపచ్చ గరుకు పలకలు చూస్తుంటారు. వాటిని జపాన్‌లో సెయిచి మియాకే తయారుచేస్తే, 1967 మార్చి 18న ఒకాయామాలో ఒక అంధుల బడి దగ్గర మొదటిసారి పరిచారు. పొడుగు గీతలంటే సాగిపొమ్మని, చుక్కలంటే ఆగమని. మన కాలిబాటల మీద కొన్నిచోట్ల ఆ పసుపు దారి నేరుగా కరెంటు స్తంభానికి పోయి తగులుతుంది. పలకలు పరిచినవారికి అది లిపి అని ఎవరూ చెప్పలేదు, అందంగా ఉంటుందని పరిచారు.

ఇదే హైటెక్ సిటీ కారిడార్‌లో చేతికి ఇంకో కథ కూడా ఉంది. గేటు దగ్గర వేలిముద్ర యంత్రాలు. ఆ గాజు మేడలు కట్టిన కూలీలు, సిమెంటు కలిపి, ఇటుక మోసి, కడ్డీ వంచినవాళ్లు, వాళ్ల వేలి రేఖలు అరిగిపోయి ఉంటాయి. రేషన్ దుకాణంలో యంత్రం ఎన్నిసార్లు నొక్కినా ముద్ర పడదు. ఎక్కువ పనిచేసిన చేతిని యంత్రం గుర్తుపట్టకపోవడం నాకు ఏనాడూ చిన్న సాంకేతిక లోపంగా అనిపించలేదు.

స్పర్శ గురించి మన దేశంలో మాట్లాడుతూ ఒక విషయం దాటవేస్తే ఆ మాటకు విలువ ఉండదు. ఎవరు ఎవరిని తాకవచ్చో, ఎవరు ఏ బావి గిలకను పట్టుకోవచ్చో, ఎవరి నీడ ఎక్కడిదాకా పడవచ్చో నియమాలు రాసుకుని శతాబ్దాలు గడిపిన సమాజం మనది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. జాషువా ‘గబ్బిలం’ అంతకుముందే, 1941లో వచ్చింది. గుడిలోకి మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉండటం ఆ కావ్యానికి ఆధారం. చీకటి గదిలో అపరిచితుడి చెయ్యి పట్టుకున్నప్పుడు కులం అడ్డురాదని కొందరు సంతోషంగా చెబుతారు. నేను అంత దూరం పోలేను. చీకట్లో రంగు కనబడదు, బట్టలు కనబడవు, కానీ మన పేర్లూ యాసలూ వినబడతాయి. తెలుగువాళ్లకు ఇంటిపేరు చాలు. అయినా గంటసేపు, తెలియని మనిషి అరచేతిలో మన అరచెయ్యి ఉంచి, ఆ మనిషి నేర్పు మీద ఆధారపడి నడవడం ఈ సమాజంలో తక్కువ సంగతి కాదు. ఆ ఆధారపడటం ఇంట్లో, వాడలో ఎంతమందికి ఎన్నడూ అలవాటు కాలేదో తలుచుకుంటే దాని బరువు తెలుస్తుంది. అలాగే అడగని స్పర్శ ఆడవాళ్లకు బస్సులో, సందులో ఏమిటో మనకు తెలుసు. గైడు ఆ అమ్మాయిని ముందుగా అడగడం నాకు గుర్తుండటానికి కారణం ఇదే. తాకే ప్రదర్శనశాల నేర్పవలసిన మొదటి పాఠం అడగడం.

ఇప్పుడు మ్యూజియాల దగ్గరికి వస్తాను. ‘ముట్టుకోవద్దు’ అనే బోర్డు మ్యూజియంతోపాటు పుట్టలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్మోలియన్ 1683లో తెరిచినప్పుడు వచ్చినవాళ్లు వస్తువులు చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసేవారు. 1710లో అక్కడికి వెళ్లిన ఊఫెన్‌బాఖ్ అనే జర్మన్ పండితుడు, మామూలు జనం కూడా అన్నీ పట్టుకుంటున్నారని చికాకు పడ్డాడు. తాకడం మీద ఫిర్యాదు మొదలైంది తాకేవాళ్లు ఎవరన్నదాని మీద అని గమనించండి. తర్వాత జనం పెరిగారు, అద్దాల బీరువాలు వచ్చాయి. వస్తువులను కాపాడాలన్న కారణం నిజమైనదే. చెమటలో ఉప్పూ నూనే ఉంటాయి, లక్షల చేతులకు రాయి కూడా అరుగుతుంది. మూల వస్తువులను అందరికీ అందించమని నేను అడగను. కానీ అద్దాల వెనక్కి పోయింది వస్తువులే కాదు, ఆ వస్తువుల్లో ఉన్న సగం సమాచారం కూడా.

దీనికి మార్గాలు కనిపెట్టినవాళ్లున్నారు. ఇటలీలో అంకోనా నగరంలో ఆల్డో గ్రస్సీనీ, డానియేలా బొట్టెగోనీ అనే దంపతులు, ఇద్దరూ చూపులేనివాళ్లు, దేశదేశాల మ్యూజియాల్లో చెయ్యి పెట్టనివ్వక విసిగి, 1993లో హోమర్ పేరున స్పర్శ మ్యూజియం పెట్టించారు. దాన్ని తర్వాత ఆ ప్రభుత్వమే జాతీయ మ్యూజియంగా తీసుకుంది. మాడ్రిడ్‌లోని ప్రాడో 2015లో ఆరు చిత్రాలను ఉబ్బెత్తు రూపాల్లో తయారుచేయించి తాకనిచ్చింది. అదే ఏడాది ఢిల్లీ నేషనల్ మ్యూజియం ‘అనుభవ్’ పేరుతో 22 నకళ్ల గ్యాలరీ తెరిచింది. కళాకారులు ఇంకా ముందే ఉన్నారు. 1921లో మారినెట్టీ స్పర్శకళ మీద ప్రకటనే రాశాడు. బ్రెజిల్‌లో లీజియా క్లార్క్ 1960లలో చూసేవాళ్లు చేతుల్లోకి తీసుకుని తిప్పితే తప్ప పూర్తికాని శిల్పాలు చేసింది. ఈమధ్య గోడల నిండా, నేల నిండా బొమ్మలు పారించి ‘లీనమయ్యే అనుభవం’ అని టికెట్లమ్మే ప్రదర్శనలు మన నగరానికీ వస్తున్నాయి. వాటిలో లీనమయ్యేది కన్ను ఒక్కటే. గోడను తాకితే ప్లాస్టరే.

మన దగ్గర చట్టం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ కళను వికలాంగులకు అందుబాటులోకి తేవాలని ప్రభుత్వాలకు చెబుతోంది. చోటు కూడా ఉంది. మాదాపూర్‌లో కావూరి హిల్స్ దగ్గర రాష్ట్ర ఆర్ట్ గ్యాలరీ ఉంది. రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్‌లో త్రీడీ ముద్రణ యంత్రాలు, మిల్లింగ్ యంత్రాలు ఉన్నాయి. వస్తువుల నమూనాలు చేయడమే దాని పని. వాటికి దగ్గర్లోనే శిల్పారామం ఉంది. అక్కడి కొట్లలో రోజూ జరుగుతున్నది చూడండి. చీర కొనడానికి వచ్చిన ఆవిడ రంగు చూడకముందే కొంగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూస్తుంది. పడుగూ పేకా ఎంత దగ్గరగా కూర్చున్నాయో, గంజి ఎంత పట్టించారో ఆ రెండు వేళ్లకు తెలుస్తుంది. బిద్రీ పనివాడు వెండి తీగ పొదిగాక అరచెయ్యి నిమిరి చూస్తాడు, అంచు తగిలితే మళ్లీ అరగదీస్తాడు. కంటికి తెలుపు నలుపుల బొమ్మ, చేతికి ఏమీ లేనంత నునుపు, అదే ఆ పని నాణ్యం. కొండపల్లి బొమ్మను చేతిలోకి తీసుకోకుండా తెల్లపొణికి ఎంత తేలికో తెలియదు. ఈ విద్యలన్నీ స్పర్శలోనే తరం నుంచి తరానికి వచ్చాయి. వాటిని అద్దం వెనక పెట్టి దీపం వేస్తే మనకు దక్కేది బొమ్మ మాత్రమే.

అందువల్ల అడుగుతున్నాను. ఈ కారిడార్‌లో, మెట్రో దిగి నడిచి వెళ్లగలిగే దూరంలో, ఒక స్పర్శ గ్యాలరీ కావాలి. కొంత భాగం చీకటిగా, కొంత వెలుతురుగా ఉండాలి, ఎందుకంటే వెలుతుర్లో తాకడం కూడా మనం నేర్చుకోవలసిందే. నకళ్లు ప్లాస్టిక్‌తో ముద్రించి వదిలేస్తే చాలదు. రాయి చల్లదనం, కంచు బరువు, చెక్క పొర తెలియాలి. యంత్రం ఆకారం ఇస్తే మన శిల్పులు పదార్థం ఇవ్వాలి. వివరాలు తెలుగు బ్రెయిలీలో ఉండాలి. భారతీ బ్రెయిలీలో ‘క’ తెలుగైనా హిందీ అయినా ఒకే చుక్కలు. వత్తు కింద వేయకుండా వరుసలోనే వస్తుంది. అందుకని పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు కనీసం ఉచ్చరించగలుగుతారు. గైడులు చూపులేనివాళ్లై ఉండాలి. ఏ వస్తువు పెట్టాలో, ఎంత పరిమాణంలో పెట్టాలో నిర్ణయించే కమిటీలోనూ వాళ్లే ఎక్కువమంది ఉండాలి. కంటికి ముచ్చటగా ఉన్న నమూనా వేలికి గందరగోళంగా ఉండవచ్చు. ఆ తేడా వాళ్లే చెప్పగలరు.

మొదటి నకలు ఏది కావాలని ఎవరైనా అడిగితే నా జవాబు సిద్ధంగా ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో అందరూ ఆగి చూసేది ముసుగు రెబెకాను. బెంజోనీ పాలరాతిలో చెక్కిన ఆ పలుచటి మేలిముసుగు కన్నును మోసగించడానికే పుట్టింది, చేతికి అది రాయే. కాబట్టి అది కూడా మంచి పాఠమే. అయినా నేను ముందు అడిగేది అదే మ్యూజియంలోని జంట విగ్రహాన్ని. ఒకే చెక్క దుంగలో ఒక వైపు తలెత్తి నిలబడ్డ మెఫిస్టోఫిలిస్, రెండో వైపు తలవంచుకున్న మార్గరెటా. చూసేవాళ్లకు ఇద్దరూ ఒకేసారి కనిపించరని వెనక నిలువుటద్దం పెట్టారు. అద్దం ఉన్నా, ఎదుట ఉన్నది ఒక బొమ్మ, అద్దంలో ఉన్నది దాని నీడ. చూపులేని మనిషి ఆ నకలును రెండు చేతుల మధ్యకు తీసుకుంటే, కుడి చేతి కింద అతని గర్వం, ఎడమ చేతి కింద ఆమె వంగిన మెడ, ఒకే క్షణంలో అందుతాయి. మధ్యలో ఉన్నది ఒకే దుంగ అని కూడా తెలుస్తుంది. ఆ శిల్పాన్ని అలా చదివినవారు ఆ మ్యూజియంలో ఇంతవరకు ఎంతమంది ఉంటారు? నకలు పూర్తయిన రోజున దాని మీద మొదటి చేతులు మాస్టారి శిష్యులవి కావాలని, సరిగ్గా రాలేదని వాళ్లంటే ఎన్నిసార్లైనా తిరిగి చేయించాలని ఈ ఉపన్యాస నిర్వాహకులను కోరుతున్నాను.